జడ అల్లిక మఫ్లర్ బహుమతిగా ఇవ్వాలంటే: ఏ ఊలు కొనాలి, ఏ డిజైన్ ఎంచుకోవాలి

వైజాగ్‌లో కూర్చుని, కుట్లు మెలికపడి జడలా కనిపించే (కేబుల్ అంటారే) ఊలు మఫ్లర్ అల్లుతున్నానంటే ఎవరైనా ముందు నవ్వుతారు, ఆ తర్వాత "ఎవరికి?" అంటారు. అడగాల్సింది అదే. మన దగ్గర జనవరి రాత్రుల్లో కూడా 17, 18 డిగ్రీల కిందికి దిగేది తక్కువ, అందుకే ఇక్కడ అల్లే మఫ్లర్లలో ఎక్కువ భాగం ఊరు దాటి పోయేవే. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మేనకోడలికో, కూతురి పురుడుకని చలికాలంలో న్యూజెర్సీ వెళ్తున్న వదినగారికో, లేహ్‌లో డ్యూటీ చేస్తున్న పక్కింటి అబ్బాయికో. చాలామంది ముందు డిజైన్ ఫొటో చూసి మనసు పడతారు, తర్వాత కొట్లో ఏ ఊలు ఉంటే అది కొంటారు, పుచ్చుకునే మనిషి గురించి చివర్లో ఆలోచిస్తారు. ఈ వరసని తిరగేయండి. మెడ చుట్టూ తిప్పినప్పుడు మఫ్లర్ వెనక వైపు కూడా నలుగురికీ కనిపిస్తుంది, పైగా నేరుగా మెడ చర్మానికి తగులుతుంది, ఈ రెండూ స్వెటర్‌కి లేని ఇబ్బందులు. బహుమతి కాబట్టి మూడోది కూడా ఉంది, దాన్ని ఉతికేది మీరు కాదు. ఊలు, డిజైన్, రంగు అన్నీ వీటిని బట్టే తేల్చుకోవాలి.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తాను. విదేశంలో ఉండే పిల్లలకైతే మెషీన్‌లో ఉతకదగ్గ మంచి అక్రిలిక్ (కృత్రిమ ఊలు) కానీ, సూపర్‌వాష్ మెరినో (మెషీన్‌లో వేసినా గట్టిపడని సన్నపోగు ఉన్ని) కానీ తీసుకుని, రెండు వైపులా కనిపించే రిబ్ జడ అల్లండి. పెద్దవాళ్ళకైతే మెత్తటి మెరినో, సన్నటి జడలు, తక్కువ బరువు. మొదటిసారి సూదులు పట్టుకున్నవాళ్ళయితే ఒక్క జడ చాలు, ఫొటోల్లో కనిపించే పది జడల పలక జోలికి పోకండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు మనిషిని చూడండి

విదేశంలో పిల్లల బట్టల సంగతి మనకి తెలిసిందే కదా, వారం బట్టలన్నీ ఒకేసారి మెషీన్‌లో పడతాయి, అక్కణ్ణుంచి డ్రయర్‌లోకి. అందులో మామూలు ఉన్ని మఫ్లర్ ఒక్కసారి పడిందంటే కుంచించుకుపోయి అట్టముక్కలా గట్టిపడి బయటికొస్తుంది. ఉన్ని పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి నీళ్ళు, సబ్బు, కుదుపు మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక విడిపోవు. "చేత్తో ఉతుక్కోమని చెప్తాంలే" అంటారు గానీ, పరీక్షల వారంలో ఉన్న పిల్ల బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు పట్టుకుని మఫ్లర్ నానబెడుతుందని నేనైతే నమ్మను. దాని తప్పేం లేదు, మనం ఇచ్చిన వస్తువే దాని జీవితానికి కుదరలేదు.

పెద్దవాళ్ళ విషయం వేరు. అత్తయ్యగారికో మామయ్యగారికో ఇస్తే జాగ్రత్తగానే చూసుకుంటారు, మరీ జాగ్రత్తగా చూసుకుని బీరువాలో దాచేసే ప్రమాదం కూడా ఉంది. వాళ్ళకి చూడాల్సింది బరువు, గుచ్చుకోకపోవడం. లావు ఊలుతో అల్లిన జడ మఫ్లర్ మెడ మీద వేసుకుంటే కాసేపటికి భుజాలు లాగినట్టుంటుంది, కోటు లోపల ఇమడదు కూడా. మిలిటరీలో ఉన్నవాళ్ళకి ముదురు బూడిద రంగో ఆలివో అల్లాలని మనకి ఉంటుంది గానీ డ్యూటీలో యూనిఫాం మీద సొంత మఫ్లర్ వేసుకోవడం కుదరకపోవచ్చు, కాబట్టి గదిలో వేసుకునేదిగానే అనుకుని, బకెట్లో ఎలా ఉతికినా తట్టుకునే ఊలుతో అల్లండి.

ఇక అరకు, లంబసింగి ట్రిప్పుల కోసం అడిగేవాళ్ళుంటారు. లంబసింగిలో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే, మఫ్లర్ పనికొస్తుంది, కానీ ఏడాదిలో ఓ రెండు రోజులకి. దానికి ఖరీదైన మెరినో అక్కర్లేదు, సన్నటి అక్రిలిక్ చాలు. వైజాగ్ దాటి ఎటూ వెళ్ళని, పొద్దున్నే బీచ్ రోడ్డులో వాకింగ్ మాత్రం చేసే మనిషికైతే జడ అల్లిక వద్దే వద్దు. దాని బదులు సన్నటి నూలు దారంతో క్రోషియా స్టోల్ అల్లి ఇవ్వండి. నర్సాపురం లేసు చూసి పెరిగిన వాళ్ళం, మనకి ఆ పని చెయ్యి తిరిగినదే.

ఊలు: అసలు ఖర్చు ఇక్కడ పెట్టండి

మన ఊళ్ళో కొట్లలో, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో గానీ టైలరింగ్ సామాను అమ్మేచోట గానీ అడిగితే ముందు చేతికిచ్చేది అక్రిలిక్. వర్ధమాన్, ఓస్వాల్, గంగా లాంటి పేర్లన్నీ లూధియానా నుంచి వచ్చేవే. అక్రిలిక్ అంటే చిన్నచూపు చూసేవాళ్ళున్నారు, నాకు ఆ పట్టింపు లేదు. రంగు పోదు, పురుగు పట్టదు, మెషీన్‌లో పడినా కుంచించుకోదు, ధర తక్కువ. లోపాలు కూడా తెలుసుకోండి: కొన్నాళ్ళు వాడాక ఉండలు ఉండలుగా నూగు లేస్తుంది, చెమటని పీల్చుకోదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇస్త్రీ పెట్టె తగిలిందంటే జడలన్నీ అణిగిపోయి ఇక లేవవు. వేడికి ఆ పోగు సాగి చచ్చుబడిపోతుంది, నీళ్ళలో ముంచినా మళ్ళీ పొంగదు. కాబట్టి అక్రిలిక్ మఫ్లర్ ఇచ్చేటప్పుడు ఒకే ఒక్క మాట చెప్పండి, ఇస్త్రీ చెయ్యొద్దని.

అచ్చం ఉన్నిలో సాగే గుణం ఉంటుంది, అందుకే జడ మెలికలు ఉబ్బెత్తుగా నిలబడతాయి, ముందూ వెనకా కుట్లు లాగినప్పుడు కూడా దారం మన మాట వింటుంది. కానీ ఉన్నంతా ఒకటి కాదు. గొంగళి కప్పుకున్నవాళ్ళకి తెలుసు, దక్కనీ గొర్రె ఉన్ని ఎంత వెచ్చగా ఉంటుందో అంత గుచ్చుకుంటుంది, అది నేల మీదా భుజం మీదా బాగుంటుంది, మెడకి పనికిరాదు. మెడకి మెరినో లాంటి సన్నపోగు ఉన్నే కావాలి. కొట్లో ఊలు ఉండను తీసి బుగ్గకి ఆనించుకుని చూసేవాళ్ళున్నారు, గడ్డం కింద మెడకి ఆనించి చూడండి, అక్కడ చురుకు ఎక్కువ తెలుస్తుంది. సూపర్‌వాష్ అని రాసున్నది తీసుకుంటే ఆ పొలుసుల్ని ముందే నునుపు చేసి కానీ, పైన సన్నటి పూత వేసి కానీ ఉంటారు కాబట్టి మెషీన్‌లో వేసినా గట్టిపడదు. అయితే తడిసినప్పుడు బాగా సాగుతుంది, కాబట్టి మఫ్లర్‌ని కాస్త పొట్టిగానే అల్లాలి, తీగ మీద వేలాడదీసి ఆరబెట్టకూడదు. మెరినో ధర అక్రిలిక్‌కి ఎన్నో రెట్లుంటుంది, ఇక్కడి కొట్లలో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే.

మధ్యేమార్గంగా అక్రిలిక్, ఉన్ని కలిపిన మిశ్రమం ఉంది. బహుమతికి నాకు బాగా నచ్చేది ఇదే. ఉన్ని వల్ల మెలికకి నిలకడ వస్తుంది, అక్రిలిక్ వల్ల ఉతుకుడుకి కాస్త తట్టుకుంటుంది. కానీ ఉన్ని పాలు సగానికి మించితే మళ్ళీ మెషీన్ భయం మొదలైనట్టే, చీటీ చదవండి.

"ప్యూర్ ఊల్ మేడమ్" అని చెప్పి అమ్మితే నమ్మాలా వద్దా అనుకుంటే ఒక చిన్న ముక్క దారం తెచ్చి ఇంట్లో సింక్ పక్కన పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిదవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్ల పూసలా మిగులుతుంది. రెండూ కలిసినదైతే రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

నూలు దారంతో జడలు అల్లొచ్చా అని అడుగుతుంటారు. అల్లొచ్చు. సాగదు కాబట్టి చేతివేళ్ళు నొప్పెడతాయి, జడ మొదలైన చోట కన్నాలు పడతాయి, తయారయ్యాక బరువుకి కిందికి జారిపోతుంది. మొదటిసారి వాళ్ళు వద్దు.

ఇంకో సంగతి, ఎన్ని ఉండలు కావాలో అన్నీ ఒకేసారి కొనండి, చీటీ మీద రంగు లాట్ నంబరు అన్నిటికీ ఒకటే ఉండాలి. మళ్ళీ నెలకి వెళ్ళి అదే రంగు అడిగితే అదే రంగు ఇస్తారు, ఇంటికొచ్చి పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, మఫ్లర్ మధ్యలో గీత పడుతుంది.

ఎంత లావు దారం, ఏ నంబరు సూది

సన్న దారం, 4 ప్లై అంటారే, దానికి 3.25 మిల్లీమీటర్ల సూదులు. జడలు నగిషీలా వస్తాయి గానీ నెలల పని, పుట్టినరోజు దాటిపోతుంది. డీకే అనేది దానికన్నా కాస్త లావు, 4 మిల్లీమీటర్ల సూది, పెద్దవాళ్ళకి నా ఓటు దీనికే. వర్‌స్టెడ్, అరాన్ రకాలు 4.5 నుంచి 5 మిల్లీమీటర్లు, 10 సెంటీమీటర్ల వెడల్పుకి సుమారు 18 కుట్లు పడతాయి, జడ స్పష్టంగా కనిపిస్తుంది, పని త్వరగా సాగుతుంది, చలిదేశం పిల్లలకి ఇది సరిగ్గా సరిపోతుంది. చంకీ అయితే 6, 6.5 సూదులతో వారాంతంలో అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ లావు దారం జడ మెలిక తిరిగిన చోట రెండు పొరలవుతుంది, మెడకి చుట్టుకుంటే తల తిప్పడం కష్టం. కుర్రకారుకి ఆ ఫ్యాషన్ నచ్చుతుంది, వాళ్ళిష్టం.

సూది నంబర్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. మన కొట్లలో పాత బ్రిటిష్ నంబర్లు నడుస్తాయి, అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లలో సరిగ్గా దానికి తలకిందులు. ఇక్కడ 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా ప్యాటర్న్‌లో 8 అంటే 5 మిల్లీమీటర్లు. 7 నంబరు మాత్రం రెండు లెక్కల్లోనూ 4.5, అదొక్కటే అదృష్టం. నంబరు చెప్పి కొనకండి, మిల్లీమీటర్లు చెప్పి కొనండి.

ఇక సూది దేంతో చేసిందీ అన్నది మన సముద్రపు గాలికి ముఖ్యమే. వెదురు సూదులు కొత్తవాళ్ళకి మంచివంటారు, కుట్లు జారిపోవు కాబట్టి. కానీ ఈ ఉక్కపోతలో చేతులు చెమట పట్టి ఉన్నప్పుడు అక్రిలిక్ దారం వాటి మీద అతుక్కుపోయి ప్రతి కుట్టునీ తోయాల్సి వస్తుంది. ‘పోనీ’ కంపెనీ వాళ్ళ అల్యూమినియం సూదులు చవక, జారుడు బాగుంటుంది, తుప్పు పట్టవు. నేనైతే వైజాగ్‌లో లోహం సూదులే అంటాను. మెరినో, సూపర్‌వాష్ లాంటి జారుడు దారాలకి మాత్రం నిట్‌ప్రో లాంటి కంపెనీల చెక్క సూదులు నయం.

డిజైన్: రెండో వైపు ఏం కనిపిస్తుందో అడగండి

జడ అల్లికలో పెద్ద రహస్యం ఏం లేదు. కొన్ని కుట్లని మూడో సూది మీదికి జరిపి పక్కన పెట్టి, తర్వాతి కుట్లని ముందు అల్లి, ఆగిన వాటిని తర్వాత అల్లడం. పక్కన పెట్టిన సూది ముందుంటే మెలిక ఎడమకి వాలుతుంది, వెనకుంటే కుడికి. ఇంతే. చూసేవాళ్ళు మాత్రం పెద్ద విద్య అనుకుంటారు, అనుకోనివ్వండి.

సంప్రదాయ పద్ధతిలో జడ నిట్ కుట్లతో (నునుపుగా ‘వి’ ఆకారంలో కనిపించేవి), దాని పక్కన నేల అంతా పర్ల్ కుట్లతో (అడ్డంగా బుడిపెల్లా కనిపించేవి) ఉంటుంది. ముందు వైపు అద్భుతం. వెనక్కి తిప్పితే చెల్లాచెదురు గీతలు, మధ్యలో గుంటలు. స్వెటర్‌కి ఇది సమస్యే కాదు, వెనక వైపు లోపలుంటుంది. మఫ్లర్ మెడకి ఒక చుట్టు తిప్పి వదిలితే ఒక కొస వెనకాల వైపే బయటికి చూపిస్తుంది, గాలికి తిరుగుతుంది, రోజంతా సర్దుకుంటూ ఉండాలి. పైగా అంచులు లోపలికి చుట్టుకుపోవడం ఒకటి. అంచుకి రెండు పక్కలా 4, 5 కుట్లు గార్టర్ (ప్రతి వరసా నిట్‌గానే అల్లేది) కానీ సీడ్ కుట్టు (నిట్, పర్ల్ మార్చి మార్చి అల్లేది) కానీ పెడితే ఆ చుట్టుకోవడం ఆగుతుంది. ఫొటోల్లో ఎక్కువగా కనిపించే మఫ్లర్లు ఈ రకమే, ఎందుకంటే ఫొటో ఒక వైపే తీస్తారు.

నేను ఎంచుకోమనేది రిబ్ మీద జడ. జడలో వచ్చే కుట్లన్నీ ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున అల్లుతూ పోవాలి. రిబ్ స్వభావమే దగ్గరికి ముడుచుకోవడం కాబట్టి పర్ల్ కుట్లు మధ్యలో దాక్కుంటాయి, ముందు నుంచి చూసినా వెనక నుంచి చూసినా నిట్ కుట్లే కనిపిస్తాయి. 8 కుట్ల జడ అనుకుందాం: 4 కుట్లు మూడో సూది మీదికి తీసి ముందు పెట్టి, తర్వాతి 4 కుట్లు నిట్, పర్ల్, నిట్, పర్ల్ అని అల్లి, ఆ తర్వాత ఆగిన నాలుగూ అదే వరసలో అల్లాలి. వెనక వరసలో ఎలా కనిపిస్తే అలా అల్లుకుంటూ వచ్చేయడమే. 6 వరసలకోసారి మెలిక వెయ్యండి. కళ్ళకి కనిపించేది అందులో సగమే కాబట్టి ఈ 8 కుట్ల జడ మామూలు 4 కుట్ల జడంత ఉంటుంది. నిండుగా కావాలంటే 12 కుట్లు తీసుకుని 8 వరసలకోసారి తిప్పండి.

దీనికి మూల్యం ఏంటంటే కుట్లు, దారం. వర్‌స్టెడ్ దారంతో 16 సెంటీమీటర్ల వెడల్పు సాదాగా అల్లడానికి 29, 30 కుట్లు చాలు. ఒక వైపు జడలైతే లాగేసుకుంటాయి కాబట్టి 36 నుంచి 40 దాకా కావాలి. రిబ్ జడలకి 60 దగ్గరికి వస్తుంది. దారం కూడా ఆ లెక్కనే, 160 సెంటీమీటర్ల పొడుక్కి ఒక వైపు జడల మఫ్లర్‌కి 200 నుంచి 250 గ్రాములు అనుకుంటే, రిబ్ జడకి 300 పెట్టుకోండి. అందరి చెయ్యీ ఒకేలా ఉండదు, కొందరు బిగువుగా అల్లుతారు, కొందరు వదులుగా. అందుకే మచ్చు ముక్క అల్లి కొలుచుకోవాలి, మచ్చు ముక్కలో జడ కూడా ఉండాలి, సాదా ముక్క కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఇంకా సులువైన దారి నకిలీ జడ. మూడో సూది అక్కర్లేదు. రెండు కుట్లు కలిపి నిట్ చేసి, ఎడమ సూది మీద నుంచి వదలకుండా, మొదటి కుట్టుని మళ్ళీ విడిగా నిట్ చేసి, అప్పుడు రెంటినీ వదలాలి. సన్నటి తాడు పేనినట్టు వస్తుంది. వెనక నుంచి మామూలు రిబ్‌లా కనిపిస్తుంది, అసహ్యంగా ఉండదు. స్కూల్ పరీక్షలు అయ్యాక పిల్లలు నాన్నమ్మకి ఏదైనా అల్లుతామంటే ఇది నేర్పండి, విసుగొచ్చేలోపు అయిపోతుంది.

ఇక పది రకాల జడలు, వజ్రాలు, తేనెపట్టు గళ్ళు పక్కపక్కన ఉండే అరాన్ పలక. ఐర్లాండ్ పడమటి తీరంలో గాల్వే అఖాతం దగ్గరున్న మూడు చిన్న దీవుల పేరుతో వచ్చిన శైలి ఇది. ఒక్కో కుటుంబానికి ఒక్కో డిజైన్ ఉండేదని, సముద్రంలో పోయిన జాలరిని స్వెటర్ చూసి గుర్తుపట్టేవారని చెప్పే కథ బాగుంటుంది, కానీ దానికి చరిత్రలో ఆధారం లేదు, అమ్మకాల కోసం బాగా ప్రచారమైన మాట. కాబట్టి బహుమతి చీటీ మీద "ఈ డిజైన్‌కి అర్థం ఇదీ" అని రాయకండి. అల్లడం సంగతంటారా, ప్రతి జడ వేరే వరసకి తిరుగుతుంది, చార్ట్ ముందు పెట్టుకుని లెక్క రాసుకుంటూ పోవాలి, టీవీ చూస్తూ చేసే పని కాదు. వెనక వైపు మరీ గందరగోళం. ఈ డిజైన్ మీద మనసుంటే మఫ్లర్ బదులు కుషన్ కవర్‌కి వాడండి, దాని వెనక వైపు ఎవరూ చూడరు.

ఒక వైపు జడే ఇష్టమైతే, వెనక వైపు దాచడానికి మెత్తటి గుడ్డ వేసి కుట్టేవాళ్ళున్నారు. కాలర్ దగ్గర అందంగా ఉంటుంది, కానీ అల్లిక సాగుతుంది, గుడ్డ సాగదు, రెండు ఉతుకులకి అంచు ముడతలు పడుతుంది. నేను చెయ్యమని చెప్పను.

రంగు, మూడో సూది, తప్పు మెలిక

రంగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లేత రంగు, ఒకే రంగు. మీగడ తెలుపు, లేత బూడిద, ఆవపువ్వు పసుపు, పావురం రంగు, ఏదైనా సరే. నలుపు, నేవీ బ్లూలో జడ వేశారా లేదా అన్నది వేళ్ళతో తడిమితే గానీ తెలియదు, అల్లేటప్పుడు మీ కళ్ళకీ శ్రమ. మగపిల్లలు ముదురు రంగే కావాలంటారు, వాళ్ళకి మధ్యరకం బూడిద రంగుతో రాజీ పడండి. రంగులు మారే దారం, నూగు ఎక్కువుండే దారం రెండూ జడని మింగేస్తాయి. మూడు నాలుగు పోగులు గుండ్రంగా పేనిన దారమైతే మెలిక గీత గీసినట్టు కనిపిస్తుంది.

మూడో సూది కోసం కొట్లన్నీ తిరగక్కర్లేదు. మన కొట్లలో దొరక్కపోతే మీరు అల్లే సూది కన్నా సన్నగా ఉండే రెండు మొనల సూది, లేదా కొప్పుకి పెట్టుకునే యు ఆకారం పిన్ను చాలు. యు పిన్ను ఇంకా మేలు, కుట్లు వంపులో ఆగి జారవు. నాలుగు కుట్ల జడలకి పెద్ద పిన్నీసు కూడా పనిచేస్తుంది.

మెలిక ముందుకి వెయ్యాల్సింది వెనక్కి పడిందని పది వరసల తర్వాత చూశారనుకోండి, టెన్షన్ పడి మొత్తం విప్పకండి. ఆ జడ కుట్లని మాత్రమే సూది మీద నుంచి వదిలి, తప్పు పడిన వరస దాకా కిందికి జార్చి, సరిగ్గా తిప్పి, క్రోషియా సూదితో ఒక్కో మెట్టూ పైకి అల్లుకురావచ్చు. ఒక వైపు జడకి ఇది తేలిక. రిబ్ జడకి మాత్రం ముందూ వెనకా చూసుకోవాలి కాబట్టి కష్టం, అందుకే దానికి ప్రతి మెలిక వరస ముందు కుట్లన్నిటి గుండా వేరే రంగు సన్నదారం ఒకటి దూర్చి ఉంచండి, విప్పాల్సి వస్తే అక్కడ ఆగుతుంది.

మొదలుపెట్టిన చోట, ముగించిన చోట జడలు విసనకర్రలా విచ్చుకుని అంచు వెడల్పవుతుంది. ముగించేటప్పుడు జడ మీద రెండేసి కుట్లు కలిపి మూసేస్తే ఆ కొస సరిపోతుంది, మొదట్లో కూడా కుట్లు తక్కువ ఎక్కించి రెండు మూడు వరసలయ్యాక పెంచుకుంటే చాలు. కుచ్చులు పెట్టాలా వద్దా అంటే, మెషీన్‌లో ఉతికేవాళ్ళకి వద్దు, చిక్కుపడి ముద్దయిపోతాయి.

ఆరబెట్టడం, దాచడం, పంపడం

అల్లడం అయిపోయాక ఉన్ని మఫ్లర్‌ని గోరువెచ్చటి నీళ్ళలో కొద్దిగా షాంపూ వేసి ఓ పావుగంట నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి నీళ్ళు తీసి, కొలత ప్రకారం పరిచి ఆరబెట్టాలి. ఆ తడుపుతో వంకర టింకర కుట్లన్నీ సర్దుకుంటాయి, ఇది చెయ్యకుండా ఇచ్చేస్తే మీ శ్రమలో సగం కనిపించదు. రిబ్ జడని మాత్రం వెడల్పుకి లాగి పిన్నులు గుచ్చకండి, దాక్కున్న పర్ల్ కుట్లు బయటపడి జడ చదునైపోతుంది.

మన సముద్రపు తేమలో ఇదే పెద్ద సమస్య. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం పట్టిందంటే నేల మీద పరిచిన ఉన్ని రెండు రోజులైనా లోపల తడిగానే ఉంటుంది, ముక్క వాసన పట్టేస్తుంది. వైరు మంచం ఉంటే దాని మీద పల్చటి పంచె వేసి పరవండి, కింద నుంచీ గాలి ఆడుతుంది, పైన ఫ్యాను. ఎండలో వేస్తే తెల్ల ఉన్ని పసుపెక్కుతుంది. అక్రిలిక్ అయితే ఈ గొడవే లేదు, పొద్దున ఉతికితే సాయంత్రానికి ఆరిపోతుంది, వర్షాకాలంలో అల్లి ఇచ్చేవాళ్ళకి ఇది కూడా ఒక కారణమే.

ఇచ్చే తేదీకి వ్యవధి ఉంటే డబ్బాలో పెట్టి దాచేటప్పుడు కలరా ఉండలు వెయ్యకండి, ఆ వాసన మెడ దగ్గర నెలల తరబడి పోదు. పూర్తిగా ఆరిన మఫ్లర్‌ని పాత కాటన్ దిండు గలీబులో పెట్టి, బాగా ఎండిన వేపాకు ఓ చిన్న గుడ్డ సంచిలో కట్టి పక్కన ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి పెడితే మన ఊరి చెమ్మకి బూజు వస్తుంది.

డిసెంబర్‌లో చేరాల్సిన దానికి ఎండాకాలం పోయి కాస్త చల్లబడ్డాక మొదలెడదాం అనుకుంటే ఆలస్యమే. ఒళ్ళో పడే బరువు మఫ్లర్‌కి తక్కువ కాబట్టి ఆగస్టులో కూడా ఫ్యాను కింద అల్లుకోవచ్చు. టైం నిజంగా లేదనుకోండి, అదే జడతో టోపీ అల్లండి, 100 గ్రాముల దారం చాలు, వెనక వైపు ఎలా ఉన్నా తల లోపలికి పోతుంది, ఒక వైపు జడ మీద మోజున్నవాళ్ళకి అది ఎలాగూ మంచి దారి. లేదా మెడకి తగిలించుకునే గుండ్రటి కౌల్. సగం దారం, సగం పని, కొసలు లేవు కాబట్టి వెనక వైపు బయటపడే బాధ తక్కువ. బండి నడిపేవాళ్ళకి మఫ్లర్ కన్నా కౌలే మంచిది, కొస చక్రంలో పడే భయం ఉండదు.

పంపేటప్పుడు మడత పెట్టకండి, వదులుగా చుట్టండి, మడత గీత మీద జడలు నలుగుతాయి. మిగిలిన దారం ఓ మూడు నాలుగు మీటర్లు చిన్న ఉండలా చుట్టి లోపల పెట్టండి, ఎక్కడైనా పోగు లేస్తే అక్కడెవరైనా కుట్టిస్తారు. ఉండకి వచ్చిన చీటీ కూడా పెట్టండి, ఉతికే గుర్తులు దాని మీదే ఉంటాయి. చీటీ పోయిందా, చిన్న కాగితం మీద మీరే రాయండి, చల్లనీళ్ళు, డ్రయర్ వద్దు, ఇస్త్రీ వద్దు అని. తెలుగు చదవడం రాని మనవలకైతే వాళ్ళ అమ్మకి వాట్సాప్‌లో పెట్టండి.